పంతొమ్మిదో పేరు

ఆదోనిలో పత్తి బేళ్ళు లారీలకెక్కే దినాల్లో
మా ఆయన ఐపీ పెట్టినాడు.
రెండే అక్షరాలు.
మార్కెట్ యార్డులో, టీ బంకు కాడ,
మా చిన్నోడి బడిలో కూడా
ఎవురూ అర్థం అడగని రెండక్షరాలు.

వకీలు ప్రహ్లాదరావు తెల్లకాగితం ముందుకు తోసి
"అప్పులోళ్ళ పేర్లన్నీ రాయి దస్తగిరీ,
ఒక్కటి దాచినా అర్జీ నిలబడదు" అన్నాడు.

ఒకటోది బ్యాంకు. ఇంటి పట్టా అక్కడే పండుకోనుంది.
మూడోది చీటీకి జామీను నిల్చిన లింగన్న.
ఏడోది మా అన్న.
ఆ అంకె వేసేటప్పుడు ఈయన నా పక్క చూడలేదు,
నేను గోడమీది క్యాలెండర్లో ఆదివారాలు లెక్కబెడుతున్నా.
పన్నెండోది, ఏ పెండ్లిలోనూ సరిగా వెలగని
లైటింగు సెట్టు అంటగట్టిన బళ్ళారి సేటు.

నా కమ్మలు, నాలుగు గాజులు
ఏ అంకె కిందా లేవు.
"ఇంటామె ఇచ్చింది అప్పు కిందికి రాదమ్మా"
"మరి దేని కిందికి వస్తుంది సార్?"
వకీలు పెన్ను మూత కోసం వెతుక్కున్నాడు,
అది ఆయన జేబుకే ఉంది.

చివరికి పాలు పోసే ఈరమ్మ.
వెయ్యిన్నూట నలభై.
"ఆమెది రేపే ఇచ్చేస్తా, రాయొద్దు సార్"
"ఒకరికి కట్టి ఇంకొకరికి ఎగ్గొడితే జడ్జి ఒప్పుకోడప్పా."
పద్దెనిమిది పేర్లు కుర్చీలో కూర్చోని రాసినోడు
పంతొమ్మిదోది లేచి నిలబడి రాసినాడు.

అమీను వచ్చిన దినం మంచోడి మాదిరే మాట్లాడినాడు.
కుర్చీలు మున్నూటా ఇరవై, కాలు విరిగినవి తొమ్మిది.
షామియానాలు, జనరేటరు, నీళ్ళ డ్రమ్ములు.
"ఇంటి వంట సామాను ముట్టుకోము, చట్టముంది" అన్నాడు.
పెద్ద డేగిసా కాడ మాత్రం నిలబడిపోయినాడు.
ఐదునూర్ల మందికి ఉడికే డేగిసా.
"ఇది ఇంటిదా, అంగడిదా?"
"మా పెండ్లికి దీంట్లోనే వండినారు సార్" అన్నా.
ఆయన నవ్వినాడు, నేనూ నవ్వినా,
అది బండెక్కింది.
దాని కింద ఇన్నేండ్లూ ఎండ తగలని నేల
గుండ్రంగా, తడిగా, నల్లగా.
చిన్నోడు పోయి దాని మధ్యలో నిలబడుకున్నాడు.

ఊరికంతా నీడ బాడుగకిచ్చినోళ్ళం,
బాడుగ ఇంటికి తిరిగితే
"ఐపీ దస్తగిరా? ఆర్నెల్ల అడ్వాన్సు ముందే పెట్టు" అన్నారు.
అంత దుడ్డుంటే ఐపీ ఏంటికి పెడతామని
ఎవురికి చెప్పేది.
కొండ కింద గల్లీలో ఒక్క గది దొరికింది.
గోడకు మేకు కొట్టకూడదు.
చుట్టాలు రాకూడదు.
రెండోది మేము చెప్పకముందే నెరవేరింది.
మా అన్న ఫోను ఎత్తడు, మా వదిన ఎత్తి పెట్టేస్తుంది.

నెల తిరక్కముందే ఈరమ్మ వచ్చింది.
వెతుక్కుంటూ, చెమటతో,
కోర్టు నోటీసు నాలుగు మడతలేసి
పాల క్యాను మూత కింద పెట్టుకోని.
"ఏం రాసిందో చదువు మ్మే, నేనేం తప్పు చేస్తిని?
మా ఇంట్లో ఎవురూ కోర్టు మెట్లెక్కినోళ్ళు లేరు.
నీ బాకీ వద్దు, బర్రె మీదొట్టు,
నా పేరు ఒక్కటి కొట్టేయించు."

చదివినా. పంతొమ్మిదో ప్రతివాది.
అప్పు ఇచ్చినోళ్ళు ప్రతివాదులు ఎట్లయితారో
నాకూ తెలీదు, చెప్పలేకపోయినా.
నీ తప్పేమీ లేదక్కా అంటి.
"తప్పు లేకపోతే తెలుపు కాగితం ఏంటికొచ్చె?"

లోపల ఈయన గోడకు తిరిగి పడుకోనున్నాడు.
నిద్ర కాదు. వీపు చూస్తే తెలుస్తుంది.

ఆమె లేచింది. గడప దాకా పోయి,
ఏదో మర్చిపోయినట్టు తిరిగొచ్చి
గిన్నె తెమ్మనింది.
అర లీటరు కొలిచి పోసింది.
అలవాటు చెయ్యి, పైన కొసరు కూడా ఒంపింది.
దుడ్ల మాట ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు, ఎత్తితే ఆ పాలు కూడా
వకీలు కాగితంలోకి పోతాయని భయం.

మేకు కొట్టొద్దనే అన్నాడు ఇంటాయన,
బొగ్గు గురించి ఏమీ అనలేదు.
తలుపు వెనక గీతలు గీస్తున్నా.
ఈ పొద్దుకు పదకొండు.